కొంగలు సున్నా, ఎడ్లు ఒకటి

కాలేజీ ఫుట్‌బాల్‌లో కూటములు మారిపోయాయన్న సంగతి మా ఆయన ఎల్డన్ కూబిక్ చనిపోయేదాకా ఒప్పుకోలేదు. ఊరు ఒప్పుకుంది. రాష్ట్రం ఒప్పుకుంది. కాలేజీ వాళ్ళు విలేకర్లని పిలిచి, జెండాలు మార్చి, కొత్త టోపీలు అమ్మి మరీ చెప్పారు. ఆయన మాత్రం "నాతో ఎవరూ అనలేదే" అనేవాడు. "ఇదిగో, నేను అంటున్నాను" అంటే, "నువ్వు మా ఇంటిదానివి, నీ మాట అధికారికం కాదు" అనేవాడు.

మాది అమెరికా నడిమధ్య నెబ్రాస్కా రాష్ట్రంలో, ధాన్యం గోదాం చుట్టూ పెరిగిన ఊరు. మా కాలేజీ బ్లూస్టెమ్ స్టేట్. మా ఫుట్‌బాల్ అంటే బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తేది. మా ఆటగాళ్ళని కొంగలంటారు. వంద సంవత్సరాలకి పైగా మేం 'ప్రెయిరీ ఎనిమిది' అని, ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమిలో ఉన్నాం. ఎనిమిది కాలేజీలూ పొద్దున్నే కారెక్కితే ఆట చూసుకుని రాత్రి భోజనానికి ఇంటికొచ్చేంత దూరంలో ఉండేవి. మధ్యలో ఒకటి చేరి తొమ్మిదయ్యాయి, తర్వాత మూడు పోయి ఆరయ్యాయి. పేరు మాత్రం ఎనిమిదే. తర్వాత టీవీ వాళ్ళు వచ్చి పెద్ద డబ్బు సంచీ చూపించారు. మా కాలేజీ వెళ్ళి పశ్చిమ తీర కూటమిలో చేరింది. సముద్రానికి పదిహేను వందల మైళ్ళ దూరంలో మొక్కజొన్న మధ్య బతికేవాళ్ళం, ఒక్క శుక్రవారం మధ్యాహ్నంతో తీరవాసులమైపోయాం.

ఆ ఏడు ఆగస్టులో ఎల్డన్ ఎప్పటిలాగే విత్తనాల కంపెనీ క్యాలెండరు తిరగేసి, వెనక తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గీతలు గీసి, ఆ సంవత్సరం ఆటల పట్టిక రాసి ఫ్రిజ్‌కి అంటించాడు. పాత ఎనిమిది కాలేజీలే. పాత వరసే. అన్ని ఆటలూ శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకే.

మా రైతుల కోఆపరేటివ్‌లో పొద్దున్నే కాఫీకి చేరే బల్ల ఒకటుంది. అక్కడ డ్వైట్ హెంకే అని ఎరువులమ్మే ఆయన కదిలించాడు.

"ఏం ఎల్డన్, శనివారం మనవాళ్ళు కాలిఫోర్నియాలో ఆడుతున్నారటగా?"

"అది ప్రాక్టీసు."

"డెబ్భై వేలమంది చూడబోతున్నారయ్యా!"

"చూడనీ. ప్రాక్టీసు చూడకూడదని ఎక్కడుంది?"

అప్పటినుంచి నిజంగా జరిగే ఆటలన్నీ ఆయనకి ప్రాక్టీసే. మూడో ఏడు మా కొంగలు కొత్త కూటమిలో కప్పు గెలిచి ఇంటికొచ్చారు. ఊరంతా కారు హారన్లు మోగించుకుంటూ తిరిగింది. ఆయన వరండాలో నిలబడి అంతా విని, "ప్రాక్టీసులో బాగానే ఆడుతున్నారు. అసలు ఆటలో ఏం చేస్తారో చూడాలి" అని లోపలికొచ్చి తలుపేసుకున్నాడు.

అసలు ఆట మా వంటింటి బల్ల మీద జరిగేది. రెండు పాచికలు, ఎనిమిది జట్లకి ఎనిమిది పట్టికలు. ఏ అంకె పడితే ఏం జరగాలో అందులో రాసి ఉంటుంది. మూడు పడితే బంతి అవతలవాడి చేతిలో పడ్డట్టు, పదకొండు పడితే టచ్‌డౌన్, అంటే బంతి చివరి గీత దాటినట్టు. ఒక్కో జట్టు బలం ఒక్కోలా ఉంటుంది కాబట్టి పట్టికలు కూడా వేరువేరు. కిటికీలోంచి చూసి గాలి ఉంటే దూరాలు తగ్గించేవాడు. ఆటగాళ్ళకి పేర్లు, ఊళ్ళు, చదివే సబ్జెక్టులు. నాలుగేళ్ళు ఆడినవాడికి డిగ్రీ ఇచ్చి పంపించేసేవాడు. ఒకసారి మంచి పరుగు తీసే పిల్లవాడికి డిగ్రీ అయిపోయిందని రెండు రోజులు సరిగా తిండి తినలేదు.

రిఫరీ కూడా ఆయనే. రిఫరీతో పోట్లాడేదీ ఆయనే.

"వాడు గీత దాటలేదు! కళ్ళు పోయాయా నీకు?" అని వంటింట్లోంచి అరుపు.

"ఎవర్నయ్యా తిడుతున్నావ్?"

"ఆ తెల్లచారల చొక్కా వాణ్ణి."

"నువ్వే కదా?"

"అయితే మాత్రం? కళ్ళు ఉండక్కర్లేదా?"

మా చెల్లెలి కూతురు డార్లా, పాపం, కొంగలకి ఆట లేని శనివారం వెతుక్కుని పెళ్ళి పెట్టుకుంది. మా రాష్ట్రంలో పెళ్ళిళ్ళు అలాగే పెట్టుకుంటారు. ఇప్పుడదీ కష్టమైపోయింది, ఏ ఆట ఏ వేళకో టీవీ వాళ్ళు పన్నెండు రోజుల ముందు గాని చెప్పరు. ఎల్డన్ ఫ్రిజ్ వైపు చూసి, "ఆ రోజు మనకి ఆట ఉందే" అన్నాడు. నేను చూసిన చూపుకి సూటు వేసుకుని బయల్దేరాడు గాని, ఒంటిగంటకి కోటు జేబులోంచి పాచికలు తీసి ప్రార్థన పుస్తకం మీద మెల్లిగా వేయడం మొదలుపెట్టాడు. పెళ్ళికొడుకు ప్రమాణం చదువుతుండగా ఒక పాచిక జారి, చెక్క నేల మీద టకటకమంటూ నడవ మధ్యలోకి దొర్లిపోయింది. పాస్టరు వంగి తీయబోయాడు.

"కదపకండి సార్! ముందు అంకె చెప్పండి!"

పాస్టరు కూడా మనిషే కదా. "ఐదు" అన్నాడు.

"నా దగ్గర ఆరు. పదకొండు! దేవుడా, టచ్‌డౌన్!"

పెళ్ళి వీడియోలో ఆ కేక ఇప్పటికీ ఉంది. డార్లా రెండేళ్ళు మాట్లాడలేదు. ఇప్పుడు పెళ్ళిరోజుకి ఆ ముక్క ఒక్కటే వేసుకుని చూస్తుంది.

ఇంత పిచ్చిలోనూ ఆయనకి ప్రాణం లాంటిది ఒక్కటే ఆట. నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండగ ముందు శనివారం, హార్‌గ్రోవ్ టెక్ ఎడ్లతో. హార్‌గ్రోవ్ మాకు దక్షిణంగా అరవై మైళ్ళు. వాళ్ళతో మాకు నూరేళ్ళ పగ. కూటమి మారాక మొదట పోయింది ఆ ఆటే, తేదీలు కుదరలేదట. ఆ ఎడ్ల భక్తుడొకడు మా ఎదురింట్లోనే ఉండేవాడు. పేరు వెర్న్ లిండ్‌హోల్మ్. అక్కడ చదువుకున్నాడు, ఇక్కడ వెటర్నరీ డాక్టరుగా స్థిరపడ్డాడు. నాకు అన్నయ్య లాంటివాడు. మా ఆయనకి స్నేహితుడో శత్రువో నలభై ఏళ్ళయినా తేలలేదు.

"మీ కొంగలెందుకు పనికొస్తాయిరా ఎల్డన్? మా ఎద్దు వీపు మీద వాలి పేలు ఏరుకోడానికి."

"పేలున్నాయని ఒప్పుకున్నావు కదా, అది చాలు."

ఇద్దరి మధ్యా 1969 నుంచీ ఒక పందెం. ఎవరి జట్టు ఓడితే వాడు, ఆ చలికాలమంతా గెలిచినవాడి వాకిట్లో, కారు దారిలో మంచు ఎత్తాలి. ఆట అయిన వారానికో రెండు వారాలకో మా దగ్గర మంచు మొదలవుతుంది, మార్చి దాకా వదలదు. ఓడినవాడు ఎత్తుతుంటే గెలిచినవాడు కిటికీ దగ్గర కాఫీ కప్పు పట్టుకుని నిలబడి, అద్దం మీద వేలితో కొట్టి "ఆ మూల మిగిలింది" అని చూపించాలి. అది పందెంలో భాగం.

కూటమి మారిన ఆ వేసవిలోనే వెర్న్ అన్నయ్యకి గుండె ఆపరేషన్ అయింది. డాక్టరు ఇంకేం తిన్నా, ఏం తాగినా చూసీ చూడనట్టు వదిలేసింది గాని, ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పింది: మంచు పార పట్టుకుంటే మాత్రం మళ్ళీ నా దగ్గరికి రానక్కర్లేదు, నేరుగా సమాధుల తోటకి పొమ్మంది. అన్నయ్య భార్య ఐరీన్ అప్పటికి పోయి నాలుగేళ్ళు. మనిషికి పంతం ఎక్కువ. ఎవరైనా గిన్నెలో కూర పంపిస్తే, మర్నాడు ఆ గిన్నె నిండా తను వండింది పోసి తిరిగి పంపేవాడు. వంట వచ్చిందా అంటే రాదు. మేం తినలేక చచ్చేవాళ్ళం. చర్చివాళ్ళు నలుగురు పారలు పట్టుకొస్తే చీపురుతో ఎదురెళ్ళాడు. "నేనింకా పోలేదు! పోయాక రండి, పువ్వులు తెండి!" అని.

అందుకని ఆ ఏడు ఆట లేకపోయేసరికి నాకు భయం వేసింది. పందెం లేకపోతే అన్నయ్య తన వాకిట్లో మంచు తనే ఎత్తుకుంటాడు. కానీ ఎల్డన్ ఆట లేదని ఒప్పుకుంటే కదా! శనివారం ఒంటిగంటకి వెర్న్ అన్నయ్య రోడ్డు దాటి వచ్చి, మా వంటింటి బల్ల దగ్గర ఎడ్ల ఎర్ర టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. నేను మా వైపు అలవాటు ప్రకారం చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల పులుసు, దానితో దాల్చినచెక్క రొట్టె పెట్టాను. పాచికలు పడ్డాయి. ఎడ్లు గెలిచారు. ఎల్డన్ తల పట్టుకున్నాడు. మొదటి మంచు రోజు తిట్టుకుంటూ పార పట్టుకుని వెళ్ళాడు. అవతల అద్దం మీద వేలు టకటకలాడింది.

రెండో ఏడూ ఎడ్లే గెలిచారు. మూడో ఏడూ. తొమ్మిదేళ్ళు వరసగా ఎడ్లే. కాఫీ బల్ల దగ్గర ఆయన పరువు గంగలో కలిసింది.

"ఇల్లు నీది, బల్ల నీది, పాచికలు నీవి, రూళ్ళు నీవి. అయినా ఓడిపోతావేంటయ్యా?" అన్నాడు డ్వైట్.

"ముందు వరసలో కుర్రాళ్ళు సరిగా లేరు. వచ్చే ఏడు కొత్త పిల్లలొస్తున్నారు."

నేను మాత్రం, దేవుడు ఎడ్ల పార్టీ అయి ఉంటాడు, ఈయన పిచ్చికి కూడా ఒక మంచి ఉపయోగం చూపిస్తున్నాడు అనుకుని ఊరుకున్నాను.

పదో ఏడు వచ్చింది. అది నూట పదకొండో ఆట అని ఎల్డన్ లెక్క. వేడుకగా ఉంటుందని కాఫీ బల్ల మొత్తం మా వంటింటికి కదిలి వచ్చింది. వెర్న్ అన్నయ్య టోపీ సర్దుకుని, మామూలుగా అన్నాడు:

"ఒరే ఎల్డన్, ఈసారి పట్టికలు మార్చుకుందాం. నీ కొంగలు నా పట్టిక మీద ఆడతాయి, నా ఎడ్లు నీ పట్టిక మీద."

"అలా కుదరదు."

"ఏం?"

"నిబంధనలు ఒప్పుకోవు."

"ఏ నిబంధన? చూపించు."

ఎల్డన్ చూపించలేకపోయాడు. బల్ల చుట్టూ చేరినవాళ్ళంతా "మార్చండి, మార్చండి" అన్నారు. వాళ్ళంతా కొంగలవాళ్ళే, పదేళ్ళుగా మొహం వాచి ఉన్నారు. పట్టికలు మారాయి. పాచికలు పడ్డాయి. కొంగలు ముప్ఫయ్యెనిమిది, ఎడ్లు మూడు.

కాఫీ బల్ల వాళ్ళు ఎల్డన్‌ని ఎత్తుకున్నంత పని చేశారు. పదేళ్ళ తర్వాత గెలిచిన మనిషి, అప్పు పత్రం చూసినట్టు స్కోరు కాగితం చూస్తూ కూర్చున్నాడు. వెర్న్ అన్నయ్య లేచి చెయ్యి చాపాడు.

"మొదటి మంచు పడగానే వస్తాను. కిటికీ దగ్గర కుర్చీ వేసుకో."

అందరూ వెళ్ళాక ఎల్డన్ రేడియో పెట్టాడు. బుధవారం తొమ్మిది అంగుళాల మంచు పడుతుందని చెప్పారు. నేను బల్ల తుడుస్తూ, పక్కపక్కనే పడున్న రెండు పట్టికలు మొదటిసారి సరిగా చూశాను. రెండు పాచికలు వేస్తే అన్నిటికన్నా ఎక్కువసార్లు పడేది ఏడు. అది ఎవరికైనా తెలుసు. ఎడ్ల పట్టికలో ఏడుకి ఎదురుగా 'పన్నెండు గజాలు' అని ఉంది. కొంగల పట్టికలో ఏడుకి ఎదురుగా 'బంతి జారవిడిచారు' అని ఉంది.

"ఎల్డన్..."

"గట్టిగా అనకే."

"పదేళ్ళ నుంచా?"

"తొమ్మిది. ఈ ఏడు పోయిందిగా."

నాకు నవ్వు రావాలో ఏం రావాలో తెలియలేదు. ఈయన ముప్ఫయ్యెనిమిదేళ్ళు ధాన్యం గోదాం దగ్గర లారీలు తూచిన మనిషి. కూబిక్ కాటా అంటే మా జిల్లాలో ప్రమాణం. రైతు ఒక పౌండు ఎక్కువ చెప్పినా ఒప్పుకునేవాడు కాదు, యజమాని ఒక పౌండు తక్కువ చెప్పినా ఒప్పుకునేవాడు కాదు. ఆ చేత్తోనే తన కొంగలకి ఏడు ఎదురుగా ఆ మాట రాసుకున్నాడు.

"మంచు పడ్డ రోజు ఇంకా తెల్లారకముందే లేచి మన వాకిలి మనమే ఎత్తేద్దాం. అన్నయ్య వచ్చేసరికి ఏం మిగలదు" అన్నాను.

"వాడి సంగతి నీకు తెలీదా? మన వాకిలి లేకపోతే, దానికి బదులు చర్చి వాకిలి అందుకుంటాడు. పందెం ఓడిపోయాడు వాడు. ఎత్తకుండా ఊరుకోడు."

ఆదివారమంతా ఆలోచించాడు. సోమవారం పొద్దున కాఫీ బల్ల దగ్గర, వెర్న్ అన్నయ్య కూడా ఉండగా, టోపీ తీసి లేచి నిలబడ్డాడు. నేను రొట్టెలిచ్చే నెపంతో వెళ్ళాను. ఆయన చేతిలో కాగితం. ప్రెయిరీ ఎనిమిది కూటమి కమిషనరుకి బ్లూస్టెమ్ స్టేట్ తనంతట తాను సమర్పించుకుంటున్న నేరాంగీకార పత్రం అట. శనివారం ఆడిన క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టుని నడిపించి బంతి విసిరేవాడు, లారీ స్వోబొడా అనే కుర్రవాడు భూగర్భశాస్త్రం పరీక్ష తప్పాడు. తప్పినవాడికి ఆడే అర్హత లేదు. కాలేజీకి ఆ సంగతి తెలిసీ దాచిపెట్టి ఆడించింది. కాబట్టి గెలుపు రద్దు.

అంతా గొల్లుమన్నారు.

"ఆగవయ్యా!" డ్వైట్ బల్ల గుద్దాడు. "ఆ కుర్రాణ్ణి పుట్టించిందే నువ్వు. నువ్వే ఫెయిల్ చేస్తావా?"

"నేనెందుకు చేస్తాను? భూగర్భశాస్త్రం మాస్టారు చేశాడు."

"ఆ మాస్టారెవరు?"

"నేనే అనుకో. కానీ చాలా కఠినమైన మనిషి."

"పోనీ పాస్ చెయ్యవయ్యా! పదేళ్ళకి ఒక్కసారి గెలిచాం!"

"మోసం చేసి గెలిచాం. మన కొంగలు మోసం చేశాయి." ఆ మాట అంటూ ఎల్డన్ చేతిలో టోపీని నలిపేశాడు. అది నటన కాదు. ఆయనకి ఆ జట్టు నిజంగా ఉంది, ఆ కుర్రాడు నిజంగా ఉన్నాడు.

వెర్న్ అన్నయ్య కాగితం తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని మెల్లిగా చదివాడు. చదివి అన్నాడు: "రద్దయితే మీ గెలుపు పోతుంది. నాకు గెలుపెలా వస్తుంది? రికార్డు పుస్తకంలో మీ గెలుపు కొట్టేస్తారు, నా ఓటమి అలాగే ఉంటుంది. ఇప్పుడు ఎవడూ గెలవలేదు. ఎవడి వాకిలి వాడు ఎత్తుకోవడమే."

అది నిజమే. ఫుట్‌బాల్ తెలిసినవాళ్ళకెవరికైనా అది నిజమేనని తెలుసు. బల్ల దగ్గర అందరూ ఎల్డన్ వైపు చూశారు. మంచు రావడానికి రెండు రోజులుంది. ఆయన కోటు లోపలి జేబులోంచి నీలం అట్ట పుస్తకం తీశాడు. కూటమి పాత నిబంధనల పుస్తకం, అట్ట మీద 1954 అని ఉంది.

"తెలిసి దాచిన నేరానికి రద్దు సరిపోదు. ఆట అప్పగింత. ముప్ఫయ్యొకటో పేజీ. స్కోరు, ఎదుటి జట్టుకి ఒకటి, నేరం చేసిన జట్టుకి సున్నా."

వెర్న్ అన్నయ్య ఆ పేజీ చూశాడు. తర్వాత పేజీ వదిలేసి ఎల్డన్ మొహం చూశాడు. కాఫీ చల్లారిపోయింది.

"కొంగలు సున్నా, ఎడ్లు ఒకటి" అన్నాడు చివరికి. "ఛీ. సిగ్గులేని కాలేజీరా మీది."

"ఏం చేస్తాం" అన్నాడు ఎల్డన్, కుర్చీలో కూలబడుతూ.

బుధవారం తొమ్మిది అంగుళాలు కాదు, పదమూడు పడింది. ఎల్డన్ పార పట్టుకుని రోడ్డు దాటాడు. అద్దం వెనక నుంచి "ఆ మూల మిగిలింది, మోసగాళ్ళారా!" అని వినపడింది. ఆ చలికాలమంతా ఊళ్ళో ఆయన్ని 'భూగర్భశాస్త్రం' అని పిలిచారు. మరుసటి సంవత్సరం పట్టికలు మార్చుకుందామన్న మాట వెర్న్ అన్నయ్య నోట రాలేదు. పాచికల మీద ఏడులు మళ్ళీ పడాల్సినట్టే పడ్డాయి.

ఆ తర్వాతి అక్టోబరులో ఎల్డన్ వెళ్ళిపోయాడు. నిద్రలో, తేలిగ్గా. ఫ్రిజ్ మీద ఆ సంవత్సరపు ఆటల పట్టికలో నాలుగు ఆటలు ఆడినట్టు ఉంది, మిగతావి ఖాళీ.

నవంబరులో ఆ శనివారం ఒంటిగంటకి వెర్న్ అన్నయ్య వచ్చాడు. టోపీ పెట్టుకోలేదు. నేను చిల్లీ పెట్టాను. తిన్నాడు. రెండో గిన్నె దగ్గర చెంచా ఆపి అన్నాడు:

"చెల్లెమ్మా, ఆ పట్టికల సంగతి నాకు ఆరో ఏడే తెలుసు."

"మరి ఊరుకున్నావేం?"

"నాలుగేళ్ళు మింగలేకపోయాను. ఒకడు నా మీద జాలి పడుతున్నాడని. అందుకే మార్చుకుందామన్నాను, లెక్క సరిచేసేద్దామని. ఆ సోమవారం వాడు లేచి నిలబడి, నలుగురిలో, తన కొంగల్ని మోసగాళ్ళన్నాడు చూడు." కిటికీ వైపు తిరిగాడు. "వాడికి ఆ మాట ఎంత పడిందో నాకు తెలుసు. అంత పెట్టి తెచ్చినదాన్ని వద్దని తిరిగి పంపిస్తే, నాకన్నా మర్యాద లేనివాడు ఉంటాడా?"

కాసేపు ఇద్దరం రొట్టె తిన్నాం. లేచి కోటు వేసుకున్నాడు. తలుపు దగ్గర ఆగాడు. ఆయన మెడ ఎర్రబడింది. ఐరీన్ పోయినప్పుడు కూడా ఎవర్నీ ఏదీ అడగని మనిషి.

"ఈ ఏడు నా వాకిలి ఎత్తడానికి ఎవరైనా కావాలి, చెల్లెమ్మా. ఎవరికైనా చెప్పు." తలుపు సగం తెరిచాక వెనక్కి తిరిగాడు. "కొంగలవాళ్ళైతేనే. ఎడ్లవాళ్ళు మంచు ఎత్తుతుంటే నేను చూడలేను."

ఆ మాట కోఆపరేటివ్‌లో ఒక్కసారే చెప్పాను. మొదటి మంచు పడ్డ పొద్దున ఎదురింటి ముందు తొమ్మిదిమంది పారలతో నిలబడ్డారు. డ్వైట్ ముందున్నాడు. అందరి తలల మీదా నీలం కొంగల టోపీలే. వాళ్ళలో ఇద్దరు హార్‌గ్రోవ్‌లో చదువుకున్నవాళ్ళు, పుట్టిన దగ్గర్నుంచీ ఎడ్లవాళ్ళు. టోపీలు అరువు తెచ్చుకుని, కళ్ళ మీదికి లాక్కుని, తలెత్తకుండా ఎత్తుతున్నారు.

వెర్న్ అన్నయ్య కాఫీ కప్పుతో కిటికీ దగ్గరికి వచ్చాడు. వరసగా అందరినీ చూశాడు. ఆ ఇద్దరి దగ్గర చూపు ఆగింది. తర్వాత, ఏమీ చూడనట్టు, ఆ వైపు పరదా మాత్రం లాగేశాడు.